మేస్త్రీ మాట చాలదు, గీసిన కాగితం కావాలి

పాపన్నపేట: పల్లెలో ఇల్లు కట్టడమంటే మంచిరోజు చూసి ముగ్గు పోయించడంతో మొదలవుతుంది. మేస్త్రీ దారం పట్టి, మూలమట్టం పెట్టి, ఇక్కడ హాలు, అక్కడ వంటిల్లు అని చేతితో చూపుతాడు. ఇంటి యజమాని తల ఊపుతాడు. ఇల్లాలు ఏదైనా అడిగితే "గోడలు లేచినంక తెలుస్తది తీయమ్మా" అన్న జవాబే వస్తుంది. గోడలు లేచిన తరువాత తలుపు తెరిస్తే మంచానికి తగులుతుందనీ, మెట్లు ఎక్కేవారి తల స్లాబుకు కొట్టుకుంటుందనీ తెలుస్తుంది. అప్పుడు పగలగొట్టి మళ్ళీ కట్టడం తప్పదు. ఇటుక, సిమెంటు, కూలి అన్నీ దండుగ. ఈ దండుగను ముందే ఆపగలిగినది కొలతలతో గీసిన ఒక్క కాగితం.

ఇది ఉన్నవారి సరదా అని కొట్టివేయడానికి వీలు లేదు. ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2024 మార్చిలో భద్రాచలంలో ప్రారంభించింది. ఇంటికి 5 లక్షల రూపాయలు విడతలుగా ఇస్తారు. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గరాదు, 600 చదరపు అడుగులకు మించరాదన్నది నిబంధన. ఒక ఇంటికి మేస్త్రీ 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు పెట్టాడనుకుందాం. సరిగ్గా 600 అయినట్లే కనబడుతుంది. కాని ఆ 20, 30 అడుగులు గోడల లోపలి కొలతలా, బయటి కొలతలా? లోపలివి అయితే, తొమ్మిది అంగుళాల గోడ నాలుగు వైపులా కలిసి బయటి కొలత ఇరవై ఒకటిన్నర, ముప్పై ఒకటిన్నర అడుగులు అవుతుంది. అంటే 677 చదరపు అడుగుల పైమాటే. ఒక గీతను గోడకు ఏ అంచున పట్టారన్న దానిలోనే 77 అడుగుల తేడా వచ్చింది. బిల్లు ఆగితే నష్టపోయేది మేస్త్రీ కాదు, అప్పు తెచ్చి పునాది తీసిన కుటుంబం.

గీత కూడా ఒక భాషే

ఇంజనీరింగు డ్రాయింగు అనగానే పెద్ద చదువని చాలామంది దూరం జరుగుతారు. దాని మూలసూత్రం మాత్రం ఇంట్లోని రాతి రోలును చూసి గ్రహించవచ్చు. పైనుంచి చూస్తే చతురస్రపు రాయి, దాని నడుమ గుండ్రని గుంట కనబడతాయి. ఎదుటినుంచి చూస్తే దీర్ఘచతురస్రం మాత్రమే కనబడుతుంది. గుంట లోపల దాగి ఉన్నది. దాగినదానిని తెగిన గీతలతో, అంటే చిన్న చిన్న ముక్కల గీతతో చూపుతారు. పక్కనుంచి చూసినది మూడవ బొమ్మ. ఈ మూడు బొమ్మలనూ వరుస తప్పకుండా వేసి కొలతలు రాస్తే, రోలును ఎన్నడూ చూడని శిల్పి సైతం అదే రోలును చెక్కగలడు. మాటతో చెబితే పదిమంది పది రోళ్లు చెక్కుతారు.

ఈ పద్ధతిని శాస్త్రంగా తీర్చిదిద్దినవాడు ఫ్రాన్సు దేశపు గణితవేత్త గాస్పార్ మోంజ్. ఆయన 1746లో పుట్టి 1818లో మరణించాడు. కోటల నిర్మాణానికి ఎంతో ఉపయోగపడినందువల్ల మొదట దీనిని సైనిక రహస్యంగా దాచారు. తరువాతనే ఇది పాఠశాలల్లోకి వచ్చింది. ఇప్పుడు భారతదేశంలో బొమ్మలు వేసేటప్పుడు మొదటి కోణ పద్ధతిని పాటిస్తారు. అందులో పైనుంచి చూసిన బొమ్మను ఎదుటి బొమ్మకు కింద వేస్తారు. అమెరికాలో మూడవ కోణ పద్ధతి. అక్కడ అదే బొమ్మ పైన వస్తుంది. ఏది ఏ పద్ధతో తెలిపే చిన్న గుర్తు కాగితం మీదనే ఉంటుంది. ఆ గుర్తును చూడనివాడు కుడి వైపు పెట్టవలసిన రంధ్రాన్ని ఎడమ వైపు పెడతాడు. సామాను పనికిరాకుండా పోతుంది.

మండలానికి కొత్త కాదు

ఈ ప్రాంతానికి గీసిన కాగితం కొత్తది కాదు. మెదకు చర్చిని 1914 నుంచి పదేళ్లు కట్టి, 1924 డిసెంబరు 25న ప్రారంభించారు. కరువు రోజుల్లో చుట్టుపక్కల పల్లెల కూలీలు అక్కడ పని చేసి పొట్ట పోసుకున్నారు. రాళ్లు మోసినది వారే. అయినా ఏ రాయి ఎక్కడ కూర్చోవాలో చెప్పినది ఇంగ్లండుకు చెందిన థామస్ ఎడ్వర్డ్ హార్డింగ్ రూపకల్పన. గీసినవాడికీ కట్టినవారికీ నడుమ భాష తెలియదు. కాగితమే వారికి దుబాసీ అయింది.

మంజీర మీది ఘనపురం ఆనకట్ట 1905లో, నిజాం కాలంలో కట్టినది. దానినే ఇప్పుడు వనదుర్గ ప్రాజెక్టు అంటున్నారు. దాని నుంచి మహబూబ్ నహర్, ఫతే నహర్ అనే రెండు కాలువలు బయలుదేరుతాయి. ఫతే నహర్ నీరు పాపన్నపేట మండలం పొలాలకు అందుతుంది. కాలువ పటంలో ఒక విశేషం గలదు. కిలోమీటరు పొడవున కాలువ అడుగు ఒక మీటరు దిగుతుందనుకుంటే, వెయ్యింట ఒక వంతుగా తగ్గించి గీసినప్పుడు పొడవు కాగితం మీద మీటరు అవుతుంది, వాలు మాత్రం ఒక్క మిల్లీమీటరే అవుతుంది. కంటికి ఆనదు. అందుకే పొడవును ఒక కొలబద్దతోనూ, ఎత్తును అంతకంటె పెద్ద కొలబద్దతోనూ గీస్తారు. ఈ సంగతి తెలిసిన రైతు మరమ్మతు జరుగుతున్నప్పుడే అడుగు ఎక్కడ లేచిందో పట్టుకోగలడు. తెలియని రైతు, నాట్లు పడినాక చివరి మడికి నీరు రాలేదని ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు.

ఇక భూమి మాట. గుంట అంటే 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు, అంటే 121 చదరపు గజాలు. ఇటువంటివి నలభై అయితే ఎకరం. ఈ లెక్క ప్రతి రైతుకూ నోటికి వచ్చు. అయితే సర్వే నక్షనూ, టిప్పన్‌నూ చదవగలిగినవారు ఊరికి ఎందరు? అన్నదమ్ముల పంపకంలో ఎన్ని గుంటలన్నది కాగితంలో రాసుకుంటారు. గట్టు ఎక్కడ పడాలన్నది గీసుకోరు. తగాదా అక్కడే పుడుతుంది. 2025 ఏప్రిల్ 14న అమలులోకి వచ్చిన భూ భారతి చట్టం సర్వే పటానికి ప్రాముఖ్యం ఇచ్చింది. అదే ఏడాది ప్రభుత్వం లైసెన్సు సర్వేయర్లకు శిక్షణ ఇప్పించింది. ఐ.టి.ఐ.లో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చదివినవారిని కూడా అందుకు అర్హులుగా తీసుకున్నది. గీత నేర్చినవాడికి ఊరిలోనే పని దొరికే రోజు వచ్చిందని దీని అర్థం.

కంప్యూటరు వచ్చింది గదా అంటే

కంప్యూటరే గీస్తుంటే చేతితో నేర్వడం ఎందుకని కొందరు యువకులు అంటున్నారు. కంప్యూటరు మీద గీయడం నిన్న మొన్నటి మాట కాదు. అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ 1963లో తెర మీద కాంతి కలంతో గీసే విధానాన్ని చూపాడు. 1982లో ఆటోకాడ్ వచ్చి, చిన్న కంప్యూటరు మీద కూడా ఆ పని సాధ్యమయింది. దీనివల్ల మేలు చాలా ఉన్నది. తెర మీద ఇంటిని అసలు కొలతలతోనే గీసి, అచ్చు తీసేటప్పుడు తగ్గించుకోవచ్చు. గోడలు ఒక పొర, కరెంటు తీగలు ఒక పొర, నీటి పైపులు ఒక పొరగా వేసి, కావలసిన పొరనే చూడవచ్చు. గోడ జరిపితే కాగితమంతా చెరిపి గీయనక్కరలేదు. లిబ్రెకాడ్, ఫ్రీకాడ్ వంటివి డబ్బు కట్టకుండానే దొరుకుతున్నాయి. యంత్రం భాగాలను తెర మీదనే తిప్పి చూసి, ఒకదానికొకటి అడ్డం వస్తున్నదేమో ముందే తెలుసుకోవచ్చు.

అయితే కంప్యూటరు గీత గీస్తుంది, ఏ గీత గీయాలో చెప్పదు. లోపలి కొలతా, బయటి కొలతా అన్న ప్రశ్న దానికి పుట్టదు. తప్పు కొలత ఇస్తే తప్పు బొమ్మనే చక్కగా, వేగంగా గీసి ఇస్తుంది. పట్నంలో కొన్ని వారాల కోర్సులో మీటలు నొక్కడం నేర్చి, రోలుకు మూడు బొమ్మలు వేయలేని యువకుడు ఫ్యాక్టరీలో నిలవలేడు. స్కేలు, మూలమట్టం, వృత్తలేఖినితో కొన్ని నెలలు కాగితం మీద చేయి తిరిగినవాడికి కంప్యూటరు ఒక మంచి పనిముట్టు. చేయి తిరగనివాడికి అది ఖరీదైన బొమ్మ.

పాత మెదకు జిల్లాలో రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్., 1984లో ఎద్దుమైలారంలో వెలసిన ఆర్డినెన్సు ఫ్యాక్టరీ వంటి పెద్ద కర్మాగారాలు వచ్చాయి. 2016లో జిల్లాలు విడిపోయాక అవి సంగారెడ్డికి పోయినా, మనోహరాబాదు, కాళ్లకల్ వైపు పరిశ్రమలు మెదకు జిల్లాలోనే ఉన్నాయి. ఇటువంటి చోట్ల బరువులు ఎత్తే హెల్పరుకు ఒక కూలి, డ్రాయింగు చదివి లేతు మీద భాగం తీయగలవాడికి ఒక కూలి. పల్లె పిల్లలు హెల్పర్లుగానే మిగిలిపోవడం శోచనీయం.

చేయవలసినదేమి?

పెద్ద ఖర్చుతో పని లేదు. మొదటిది, ఎనిమిదవ తరగతి గణితంలో ఘనరూపాలను కాగితం మీద చూపే పాఠం ఉన్నది. దానిని పరీక్ష కోసం బట్టీ పట్టించకుండా, పిల్లల చేత తమ తరగతి గదిని కొలిపించి గీయించాలి. టేపు, స్కేలు, తెల్ల కాగితం చాలు. ఆడపిల్లలకూ ఇది సమానంగా నేర్పాలి. కూర్చుని చేసే ఈ ఉద్యోగానికి బలం కాదు, ఓపిక, కచ్చితం కావాలి. 1952-53లో ముదలియార్ కమిషన్ ఉన్నత పాఠశాలల్లో సాంకేతిక విద్య ఉండాలని చెప్పి ఏడు దశాబ్దాలు దాటింది.

రెండవది, పదవ తరగతి తప్పినా, పాసైనా ఆపై దారి తెలియని పిల్లల తల్లిదండ్రులకు, ఐ.టి.ఐ.లో రెండేళ్ల డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు ఉన్నదనీ, దానికి పదవ తరగతి పాసు కావాలనీ, తప్పినవారు ముందు ఆ పరీక్ష గట్టెక్కాలనీ ఉపాధ్యాయులు విడమరచి చెప్పాలి.

మూడవది, ప్రభుత్వం 2025లో మండల కేంద్రాల్లో ఇందిరమ్మ నమూనా ఇళ్లు కట్టించే పని చేపట్టింది. అటువంటి ఇంటి గోడమీద దాని ప్లానును పెద్దగా, తెలుగులో, లోపలి కొలతలూ బయటి కొలతలూ వేరువేరుగా రాసి వేయించాలి. ముగ్గు పోయకముందు ప్రతి కుటుంబం ఒకసారి దానిని చూస్తే సగం చిక్కులు తీరుతాయి.

నాలుగవది, ఊరిలో జరిగే ప్రతి ప్రభుత్వ పనికి, మోరీ అయినా, రోడ్డు అయినా, కాలువ మరమ్మతు అయినా, డ్రాయింగు నకలును పంచాయతీ ఆఫీసులో అంటించాలి. 2005 సమాచార హక్కు చట్టం ప్రకారం పనిని తనిఖీ చేసే హక్కు, కాగితాల నకళ్లు పొందే హక్కు పౌరుడికి ఉన్నాయి. అడిగేవాడు లేక అవి బీరువాల్లో ఉండిపోతున్నాయి.

తాతల నాటి మేస్త్రీలు కాగితం లేకుండానే కట్టలేదా అని అడిగేవారు ఉంటారు. కట్టారు. ఒకే రకం ఇల్లు తరతరాలుగా కట్టినందువల్ల కొలత వారి చేతిలోనే ఉండేది. ఇప్పుడు ఇనుము, స్లాబు, కరెంటు, పైపులు అన్నీ ఒకే గోడలో చేరాయి. మేస్త్రీ నైపుణ్యానికి కాగితం పోటీ కాదు, తోడు. తన పనిని గీసి చూపగలిగిన మేస్త్రీకి మాట పడే బాధ తప్పుతుంది, కూలి పెరుగుతుంది.

విద్యాశాఖ అధికారులు, పంచాయతీ పాలకులు ఈ విషయంపై దృష్టి సారించవలసిన అవసరం ఎంతైనా ఉన్నది. అంతవరకు ఇల్లు తలపెట్టిన కుటుంబాలు చేయగలిగినది ఒకటి ఉన్నది. ముగ్గు పోసిన రోజున రెండు మూలల నడుమ అడ్డంగా టేపు పట్టి కొలవాలి, తరువాత మిగిలిన రెండు మూలల నడుమ కొలవాలి. ఎదురెదురు గోడలు సమానంగా ఉండి ఈ రెండు కొలతలూ ఒక్కటైతేనే ఇంటి మూలలు సరిగా ఉన్నట్లు. తేడా ఉంటే పునాది తవ్వకముందే ముగ్గు చెరిపి మళ్ళీ పోయించాలి. ముగ్గు చెరపడానికి ఖర్చు లేదు.