ఎర్రదీపం చెప్పని జబ్బు

నీళ్ళు పొయ్యనక్కరలేని కారు ఒకటుందంటే ఈకాలపు పిల్లలు నమ్మరు. దానికి రేడియేటరు లేదు. ఇంజను ముందుండదు, సామాను పెట్టుకునే డిక్కీ ఉండవలసిన చోట వెనకాల ఉంటుంది. తాబేటి డిప్పలాంటి ఆ ఫోక్స్‌వాగన్ బీటిల్‌ను మీలో చాలామంది ఎరిగే ఉంటారు. 2003 జులై 30న మెక్సికోలోని ప్యూబ్లాలో ఆఖరి బండి బయటికి వచ్చేనాటికి మొత్తం 2,15,29,464 తయారయ్యాయి. అటువంటి బండి మీ యింట్లో లేకపోయినా ఈవారం సంగతి చదవండి. ఇందులో కారు గొడవ కంటే డబ్బు గొడవే ఎక్కువ.

ఈ యింజనును చల్లార్చేది గాలి. స్కూటరు సిలిండరు మీద రెక్కలు చూశారు కదా, దీని నాలుగు సిలిండర్ల మీదా అటువంటివే ఉంటాయి. అయితే స్కూటరుకైనా, దీనికైనా రెక్కలుంటే చాలదు. వాటి సందుల్లోంచి గాలిని తోసే పంఖా ఒకటి ఉండాలి. బీటిల్‌లో ఆ పని డైనమోకు అప్పజెప్పారు. తర్వాత కాలపు బండ్లలో డైనమో బదులు ఆల్టర్నేటరు వచ్చింది గాని ఏర్పాటు మాత్రం అదే. దాని ఇరుసుకు ఒక కొసన కప్పీ, రెండో కొసన రేకుడబ్బాలో దాక్కున్న పంఖా. కింద ఇంజను నుంచి వచ్చే బెల్టు కప్పీని తిప్పుతుంది. ఆ ఒక్క ఇరుసుతోనే కరెంటూ పుడుతుంది, గాలీ పుడుతుంది.

బెల్టు తెగిందనుకోండి, రెండూ ఆగిపోతాయి. డ్రైవరు ఎదుట ఎర్రదీపం వెలుగుతుంది. ఆ దీపం వెలిగితే ఎక్కడున్నవాళ్ళు అక్కడే బండి ఆపెయ్యాలనేది ఈ కారు నడిపిన ప్రతివాడికీ కంఠతా వచ్చిన పాఠం. కాని బెల్టు నిక్షేపంగా ఉండి, అవతలి కొసన పంఖా ఒక్కటే వదులై జారుతుంటే? కప్పీ తిరుగుతూనే ఉంటుంది. కరెంటు పుడుతూనే ఉంటుంది. దీపం వెలగదు. లోపల ఇంజను మాత్రం మాడిపోతూ ఉంటుంది.

మా అక్కయ్య కారుకు పట్టుకున్నది సరిగ్గా ఈ జబ్బే.

అక్కయ్య ఉండేది గుమ్మడిదలలో. హైదరాబాదు నుంచి నర్సాపూర్ పోయే రోడ్డు మీద, దుండిగల్ వైమానిక అకాడెమీ దాటాక వస్తుంది. వెనక మెదక్ జిల్లా జిన్నారం మండలంలో ఉండేది. 2016లో తనే ఒక మండలమై సంగారెడ్డి జిల్లాలో చేరింది. చుట్టూ మందుల కర్మాగారాలు, రోడ్డు నిండా లారీలు. బావగారు పోయి రెండేళ్ళయింది. ఆయన వదిలివెళ్ళిన 1968 నాటి బీటిల్‌ను మా మేనకోడలు నడుపుతున్నది. ఈమధ్య ఇంటినుంచి పది మైళ్ళు పోయేసరికి వెనకనుంచి మాడిన నూనె కంపు. సిగ్నలు దగ్గర ఆగితే నూనె దీపం మిణుకు మిణుకు. డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు ఒక గలగల. ఎర్రదీపం మాత్రం ఎన్నడూ వెలగలేదు.

పట్నంలో ఒక వర్క్‌షాపువారు చూసి, “ఇంజను పోయిందమ్మా, దించి మొత్తం విప్పాలి, లక్షన్నర అవుతుంది” అన్నారట. అంతటితో ఊరుకోక, “అంత పెట్టలేమంటారా, ఉన్నది ఉన్నట్టు ఎనభై వేలకు మేమే తీసుకుంటాం” అని కూడా అన్నారట. విప్పి చూడకుండానే జబ్బు చెప్పి, ఆ నోటితోనే బేరం పెట్టే వైద్యుడిని నేను నమ్మను. మీరూ నమ్మకండి.

“తమ్మీ, బావ ఉన్నన్నొద్దులు ఇది ఎన్నడన్న రోడ్డు మీద ఆగిందా? పిల్ల పెండ్లికి దాసిన పైసలు దీనికెట్ల పెడుదు? ఇగ అమ్ముడే” అన్నది అక్కయ్య. అన్నదేగాని ఆ మాట అంటున్నప్పుడు కారు వైపు చూడలేదు.

ఆదివారం పొద్దున్నే, ఇంజను పూర్తిగా చల్లారి ఉండగా, తాళం చెవి తీసి నా జేబులో వేసుకుని మొదలు పెట్టాను. ముందు బెల్టు. బొటనవేలితో నొక్కితే అరంగుళం పైచిలుకు లోపలికి పోయింది, అంతే పోవాలి. కప్పీని పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగాను, కదలలేదు. ఇటు కొస బాగానే ఉందన్నమాట. ఇక అటు కొస. పంఖా డబ్బాకు, కారు గోడకు మధ్య చెయ్యి పట్టేంత సందు ఉంటుంది. గాలి లోపలికి పోయే గుండ్రటి కంత అక్కడే. నా చెయ్యి లావు. మేనకోడలిది సన్నం. నేను కప్పీని గట్టిగా పట్టుకుని, పంఖాను తిప్పి చూడమన్నాను.

“మామా, ఇది తిరుగుతున్నది!” అన్నది.

నా చేతిలో కప్పీ మెదలలేదు. ఒకే ఇరుసుకు బిగించిన రెండింటిలో ఒకటి తిరిగి ఒకటి తిరగకపోతే ఇంకేం పరీక్ష కావాలి?

ఇంజను దించలేదు. బ్యాటరీ తీగ తీసి, బెల్టు విప్పి, కార్బ్యురేటరు తప్పించి, రేకుడబ్బాను కొంచెం పైకెత్తితే ఆల్టర్నేటరు పంఖాతో సహా బయటికి వచ్చింది. 36 మిల్లీమీటర్ల పెద్ద నట్టు. విచిత్రమేమిటంటే ఆ నట్టు బిగిసే ఉంది! పంఖా మాత్రం దాని కింద గిలకలా ఆడుతోంది. బావగారు పాత డైనమో తీయించి ఆల్టర్నేటరు పెట్టించినప్పుడు, ఎవరో దానికి తగ్గ బిళ్లలు లెక్క చూసి వెయ్యలేదు. పంఖాను నొక్కకముందే నట్టు ఇరుసుకు తన్నుకుని ఆగిపోయింది. బిగించినవాడి చేతికి బిగుసుకున్నట్టే తెలుస్తుంది పాపం. ఇటువంటిదాన్ని ఇంకా గట్టిగా బిగిస్తే మరలు చెడతాయి తప్ప జబ్బు పోదు.

కర్మాగారాల మధ్య కాపురముంటే పొగే కాదు, లాభమూ ఉంది. బొంతపల్లి వైపు ఫ్యాక్టరీల పంపులకు సామాను చేసే లేతు మిషను దుకాణం ఒకటుంటే ఆల్టర్నేటరు చంకన పెట్టుకుని పోయాను. ఆ మేస్త్రీ కొలిచి, రెండు ఉక్కు బిళ్లలు కోసి, రెండు ముఖాలూ నునుపు చేసి ఇచ్చాడు. “గీ బిళ్లలకోసమా సార్, ఇంజను దించుమన్నరు?” అని నవ్వి మూడువందలు తీసుకున్నాడు. ఇరుసుకు, పంఖా మూతికి నడుమ ఉండే అర్ధచంద్రంలాంటి ఇనప ముక్క అరగలేదు గనుక బతికిపోయాం. పంఖాకూ వెనక రేకుకూ మధ్య సుమారు 2 మిల్లీమీటర్ల ఎడం ఉందని చూసి బిగించాను.

ఇక అసలు భయం. ఇన్నాళ్ళు మాడిన ఇంజను మిగిలిందా? ఈ బండ్లలో 1970 వరకూ నూనె చల్లార్చే కూలరు మూడో సిలిండరుకు పోయే గాలికి అడ్డంగా ఉండేది. అందుకని వేడికి ముందు పోయేది అదే. నాలుగింటి ఒత్తిడీ కొలిచాను. మూడోది తక్కిన వాటికంటే రవంత తక్కువ, అంతే. పాత నూనె మార్చి నర్సాపూర్ దాకా పోయి వచ్చాం. తిరిగొచ్చాక నూనె కొలిచే పుల్లను వేళ్ళతో పట్టుకోగలిగాను. అక్కయ్య చూస్తూ నిలబడింది. ఎనభై వేల మాట మళ్ళీ ఎత్తలేదు. “లోపలికి రాండ్రి, చాయ చల్లారుతది” అన్నది.

కప్పీ వదులయ్యే జబ్బూ ఇటువంటిదే కాబట్టి అదీ చెప్పేస్తాను. ఈ కప్పీ రెండు సగాలుగా ఉంటుంది. నడుమ పల్చటి బిళ్లలు. బెల్టు వదులైతే నడుమనుంచి ఒక బిళ్ల తీస్తాం, బెల్టు పైకెక్కి బిగుస్తుంది. తీసిన బిళ్లను పారెయ్యకూడదు, జేబులో వేసుకోకూడదు. పై సగం మీద, నట్టు కింద వెయ్యాలి. ఇరుసు మీద బిళ్లల మొత్తం లెక్క ఎప్పుడూ ఒకటే ఉండాలి. లెక్క తగ్గిందా, నట్టు బిగుస్తుంది, కప్పీ ఆడుతుంది. ఆడిన కప్పీ ఇరుసును కొరికేస్తుంది, అప్పుడు మూడువందలతో పోదు. నట్టు విప్పేటప్పుడు కప్పీ తిరగకుండా దాని లోపలి సగానికి ఉన్న గాడిలో స్క్రూడ్రైవరు దూర్చి పక్క బోల్టుకు ఆనించండి. 21 మిల్లీమీటర్ల పానా ఒకటి, మంచి బెల్టు ఒకటి ఎప్పుడూ బండిలోనే ఉంచుకోండి. మా మేనకోడలు వాటిని పాత చీరముక్కలో చుట్టి ముందు డిక్కీలో పెట్టుకున్నది.