నాలుగు కోళ్లకు వెయ్యి డోసుల సీసా

పెరటి కోడిని మనం పెట్టుబడి లేని ఆదాయం అంటాం. పొద్దున్నే గంప ఎత్తితే చాలు, పురుగూ పుట్రా ఏరుకుని తిని సాయంత్రానికి అదే ఇల్లు చేరుతుంది. గుప్పెడు నూకలు వేస్తే గుడ్లు పెడుతుంది, 21 రోజులు పొదిగి పిల్లల్ని లేపుతుంది. ఇంత తేలిగ్గా కనిపించే ఈ లెక్కలో ఒక అంకె మాత్రం ఎవరూ రాయరు. లేచిన పిల్లల్లో ఎన్ని పెట్టలయ్యాయి? ఉన్న పెట్టల్లో వేసవి దాటినవెన్ని? అడిగితే సాధారణంగా వచ్చే సమాధానం, ‘తెగులొచ్చి అన్నీ పోయాయి’. ఆ మాట వానలు పడలేదన్నంత మామూలుగా అంటారు. ఈ నష్టం దైవాధీనం కాదని, దీన్ని ఆపే మార్గం దశాబ్దాలుగా మన చేతిలో ఉందని చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఈ కోళ్లు ఎన్నో చూద్దాం. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో మొత్తం కోళ్లు, ఇతర పెంపుడు పక్షులు కలిపి సుమారు 85 కోట్లు. అందులో పెరట్లో పెరిగేవి దాదాపు 31.7 కోట్లు. 2012 గణనతో పోలిస్తే వాణిజ్య ఫారాల్లోని పక్షులు 4.5 శాతం పెరిగితే, పెరటి పక్షులు దాదాపు 46 శాతం పెరిగాయి. వీటిని చూసుకునేది ఎక్కువగా ఇంట్లోని ఆడవాళ్లే. గుడ్లమ్మిన డబ్బు, పండగ ముందు పుంజునమ్మిన డబ్బు చాలా ఇళ్లలో ఎవరినీ అడగకుండా ఆమె ఖర్చు పెట్టుకోగల సొమ్ము. పిల్లల నోట్‌బుక్కులు, ఆసుపత్రి ఆటో, చీటీ వాయిదా అందులోంచే వస్తాయి.

నాలుగు కోళ్లు పెంచేవారి రోజు కూడా అంత తీరుబడిగా ఉండదు. పగలు గద్ద, రాత్రి పిల్లి, సందు దొరికితే ముంగిస. వేసవి మరో పరీక్ష. కోడికి చెమట గ్రంథులు లేవు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటుంది. బయటి గాలి కూడా అంతే వేడెక్కినప్పుడు నోరు తెరిచి రొప్పడం తప్ప దానికి మరో దారి లేదు. అలా రొప్పినప్పుడు రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది. గుడ్డు పెంకులో అధిక భాగం కాల్షియం కార్బొనేట్. దాని తయారీకి కావలసిన కార్బొనేట్‌కు అప్పుడు కొరత వస్తుంది. ఎండాకాలం గుడ్డు చేతిలో పట్టుకోగానే చిట్లడానికి ఇదొక కారణం.

ఈ కష్టాలకు ఇంటి స్థాయిలోనే విరుగుడు ఉంది. గట్టి తలుపున్న గూడు, చెట్టు నీడన మట్టి మూకుడులో చల్లటి నీళ్లు, పొడి చేసిన ఆలిచిప్పలు చాలావరకు సరిపోతాయి. ముంగిస ఒక రాత్రి ఒకటి రెండు కోళ్లను ఎత్తుకుపోతుంది. ఊరి మొత్తం గంపల్ని వారంలో ఖాళీ చేసేది మాత్రం కొక్కెర తెగులు.

శాస్త్రీయంగా దీని పేరు న్యూకాసిల్ వ్యాధి. 1926లో ఇంగ్లండులోని న్యూకాసిల్ దగ్గర దీన్ని గుర్తించారు. కొద్ది కాలానికే మన కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో కనిపించడంతో భారతదేశంలో దానికి రాణిఖేత్ వ్యాధి అనే పేరు స్థిరపడింది. కోడి రెక్కలు వాల్చి మూల నిలబడుతుంది. ఆకుపచ్చగా, తెల్లగా పారుకుంటుంది. గురక పెడుతూ ఊపిరి తీస్తుంది. కొన్నింటికి మెడ మెలి తిరిగిపోతుంది. ఇది వైరస్ కాబట్టి వచ్చాక నయం చేసే మందు లేదు. షాపులో ఇచ్చే యాంటీబయాటిక్ పొడి ఈ వైరస్‌ను ఏమీ చేయలేదు.

టీకా మాత్రం ఉంది. రాణిఖేత్‌కు దూరం కాని ముక్తేశ్వర్ పేరుతో పిలిచే వైరస్ రకం నుంచి తయారైన ఆర్2బి టీకా 1940ల నాటిది. అంటే జబ్బుకూ మన ఊరి పేరే, టీకాకూ మన ఊరి పేరే. పిల్లలకు 5 నుంచి 7 రోజుల వయసులో కంట్లోనో ముక్కులోనో లసోటా లేదా ఎఫ్ రకం టీకా ఒక చుక్క వేయాలి. 6 నుంచి 8 వారాల మధ్య ఆర్2బి ఇంజెక్షన్ ఇవ్వాలి. ఆపైన పశువైద్యులు చెప్పిన గడువుల్లో మళ్లీ వేయిస్తుండాలి. వాణిజ్య ఫారాల్లో ఇది నిత్యకృత్యం. ఇంత పాత, ఇంత చవకైన రక్షణ పెరటి కోడికి ఎందుకు అందడం లేదు?

మొదటి అడ్డంకి సీసా. ఈ టీకాలు వంద నుంచి వెయ్యి డోసుల సీసాల్లో వస్తాయి. పొడిగా ఉన్న మందును ద్రావణంలో కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాలి. పదివేల కోళ్ల ఫారానికి ఇది ఇబ్బందే కాదు. నాలుగు కోళ్లున్న ఇల్లు మిగతా డోసుల్ని ఏం చేసుకుంటుంది?

రెండోది వేడి. ఈ టీకాలో ఉన్నది బలహీనపరిచిన సజీవ వైరస్. దాన్ని గడ్డకట్టించి, పీడనం బాగా తగ్గించి, అందులోని మంచును నేరుగా ఆవిరిగా తీసేస్తారు. నీరు లేకపోతే వైరస్‌ను పాడుచేసే రసాయన చర్యలు నెమ్మదిస్తాయి, కానీ ఆగిపోవు. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ వాటి వేగం గుణకాల్లో పెరుగుతుంది. అందుకే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచమంటారు. మండల కేంద్రంలోని ఫ్రిజ్ నుంచి మే నెల ఎండలో పల్లెకు చేరేలోపు ఐస్ కరిగితే టీకా చచ్చిపోవచ్చు. చచ్చిన టీకా చూడటానికి బతికున్న దానిలాగే ఉంటుంది. అలాంటిది వేశాక కూడా తెగులు వస్తే ఊరి నమ్మకం పోతుంది. మళ్లీ టీకా అంటే తలుపు తీయరు.

మూడోది వేళ. ఆసుపత్రి తెరిచే పగటి పూట కోళ్లు చేలల్లో, పెంటకుప్పల మీద ఉంటాయి. అవి చేతికి దొరికేది తెల్లారకముందు గంప కింద, లేదా చీకటి పడ్డాక గూట్లో. సర్కారు గడియారానికీ కోడి గడియారానికీ పొత్తు కుదరడం లేదు.

‘నాటు కోడికి టీకా ఎందుకు, అది మొండిది కదా’ అనే మాట తరచూ వింటాం. అందులో సగం నిజం. నాటు కోడి ఎండను తట్టుకుంటుంది, తిండి తానే వెతుక్కుంటుంది, గద్ద నీడ పడగానే పొదలోకి దూరుతుంది. కొక్కెర తెగులు ముందు మాత్రం ఆ మొండితనం నిలవదు. ఇంకో అభ్యంతరం ఖర్చు గురించి. ఇల్లిల్లూ తిరిగి నాలుగేసి కోళ్లకు టీకా వేయడం గిట్టుబాటు కాదంటారు. ఇంటిని లెక్కగా తీసుకుంటే ఆ మాట నిజమే. ఊరిని లెక్కగా తీసుకోండి. ఎనభై గడపల ఊళ్లో సగం ఇళ్లలో ఐదేసి కోళ్లుంటే రెండు వందల కోళ్లు. రెండు వందల డోసుల సీసా ఒకటి చాలు.

వైరస్ కూడా ఊరినే లెక్కలోకి తీసుకుంటుంది. కోళ్లు కంచెలు చూసుకోవు, పక్కింటి కోళ్లతో కలిసే మేస్తాయి. మీ ఒక్కరి కోళ్లకు టీకా వేయిస్తే అవి బతకవచ్చు, ఊళ్లో తెగులు తిరగడం ఆగదు. ఎక్కువ కోళ్లకు రక్షణ ఉన్నప్పుడే వైరస్‌కు దూకే చోటు దొరకదు. పైగా తెగులు ఆనవాలు కనిపించగానే పోయేలోపు నాలుగు డబ్బులైనా వస్తాయని కోళ్లను సంతకు తీసుకెళ్తారు. దానితో వైరస్ పక్క ఊరికి ప్రయాణం కడుతుంది. ఆ పని చేసినవారిని తప్పుపట్టే ముందు, వారికి మనం ఇచ్చిన వేరే దారి ఏమిటో చెప్పాలి.

దారి చూపినవాళ్లు ఉన్నారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పీటర్ స్ప్రాడ్‌బ్రో బృందం వేడిని బాగా తట్టుకునే ఐ-2 అనే టీకా రకాన్ని అభివృద్ధి చేసింది. పల్లె కోళ్ల కోసమే ఉద్దేశించిన ఈ టీకాను కంట్లో చుక్కగా వేస్తారు. మొజాంబిక్, టాంజానియాలలో నాలుగు నెలలకోసారి ఊరంతా ఒకేసారి వేసే పద్ధతి నడిచింది. వేసేది ఆ ఊరి మనుషులే. కోడి యజమాని చిన్న రుసుము ఇస్తే అందులోంచే వేసినవారికి కూలి దక్కుతుంది.

మన దగ్గర లేనిదేమీ ఇందులో లేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి రకాలను దేశానికి ఇచ్చింది. స్వయం సహాయక సంఘాల నుంచి వచ్చిన పశు సఖులు చాలా రాష్ట్రాల్లో పనిచేస్తున్నారు. 2019లో రూ.13,343 కోట్లతో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం గాలికుంటు, బ్రుసెల్లోసిస్‌ల మీద గురిపెట్టి, గేదె దొడ్డి దగ్గరికే టీకాను తీసుకెళ్లవచ్చని చూపింది. పెరటి కోడికి అలాంటి గురి, అలాంటి తేదీల పట్టిక కావాలి.

నేను కోరేవి నాలుగు. ఒకటి, కోడిపిల్లలు పంచే ప్రతి పథకం ఎన్ని పంచామన్నది కాక ఏడాది తర్వాత ఎన్ని బతికున్నాయన్నది నివేదికలో రాయాలి. రెండు, ఊరికి ఏటా కొన్ని టీకా రోజులు ముందే ప్రకటించి, తెల్లవారుజామున పశు సఖుల చేత వేయించాలి, ఆ పనికి కూలి ఇవ్వాలి. మూడు, పోలియో చుక్కల సీసాలపై 1996 నుంచి ఉన్న రంగు మారే గుర్తు కోళ్ల టీకా సీసాల మీదా ఉండాలి, మందు వేడికి పాడైందో లేదో ఎవరికైనా తెలుస్తుంది. నాలుగు, వేడిని తట్టుకునే టీకాలను చిన్న సీసాల్లో మన పల్లెలకు అందించాలి.

ఇవి జరిగేదాకా ఆగనక్కర్లేదు. మీ వీధిలో కోళ్లున్న ఇళ్లన్నీ కలిసి ఒక తేదీ అనుకోండి. పశువైద్యశాలలో ముందే చెప్పి, ఐస్ వేసిన ఫ్లాస్కులో సీసా తెప్పించండి. ముందు రోజు రాత్రే కోళ్లను గంపల కింద మూయండి. జబ్బుగా ఉన్న కోడికి టీకా వేయించకండి, దాన్ని వేరుగా ఉంచండి. కోళ్లను పట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోండి, ఈ వైరస్ మనిషికి కళ్లకలక తెప్పించగలదు. పని గంటలో అయిపోతుంది. తెల్లారేసరికి గంపలు ఎత్తేయవచ్చు.