పరిశోధకుని విలువను కొలిచేదెలా?

పిడుగురాళ్ల పేరు వినగానే అందరికీ గుర్తొచ్చేది సున్నం. అక్కడి బట్టీలలో కాలే సున్నపురాయిలోని ముఖ్య మూలకం కాల్షియం. అదే కాల్షియం సూర్యునిలోనూ, ఇతర నక్షత్రాలలోనూ ఉంది. నక్షత్ర కాంతిని రంగులుగా విడదీసి చూసినప్పుడు, ఊదారంగు అంచున కాల్షియం వల్ల రెండు గాఢమైన నల్లని గీతలు కనిపిస్తాయి. ఆ గీతల ఆధారంగా నక్షత్రాల దూరాన్ని తెలుసుకునే మార్గం చూపిన ఇద్దరిలో ఒకరు హైదరాబాదులో పెరిగిన వైను బప్పు.

బప్పు 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించారు. వారి పూర్వీకులది కేరళ. తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో పనిచేసేవారు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత ఆసక్తితో నెలకొల్పిన ఆ వేధశాలను 1908లో నిజాం ప్రభుత్వం స్వీకరించింది. నిజాం కళాశాలలో చదివిన బప్పు, హైదరాబాదు ప్రభుత్వ ఉపకార వేతనంతో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ ఉండగానే 1949లో ఒక కొత్త తోకచుక్కను కనుగొన్నారు. 1952లో డాక్టరేటు పొందారు.

ఆ తరువాత ఓలిన్ విల్సన్‌తో కలిసి ఆయన చేసిన పరిశోధన 1957లో వెలువడింది. సూర్యుని వంటి నక్షత్రాలలోనూ, అంతకంటే చల్లని నక్షత్రాలలోనూ ఆ నల్లని గీతల నడుమ సన్నని వెలుగు గీత ఉంటుంది. నక్షత్రపు నిజ ప్రకాశం ఎంత ఎక్కువైతే ఆ వెలుగు గీత అంత వెడల్పుగా ఉంటుందని వారు చూపారు. నిజ ప్రకాశం తెలిస్తే, అది మనకు ఎంత మసకగా కనబడుతోందో పోల్చి దూరం లెక్కించవచ్చు. చీకట్లో దూరాన వెలిగే దీపం ఎంత శక్తి గలదో తెలిస్తే, అది ఎంత దూరంలో ఉందో అంచనా వేయగలం కదా! ఈ సూత్రాన్నే నేడు ఖగోళ శాస్త్రంలో విల్సన్-బప్పు ప్రభావం అంటున్నారు.

ఇటువంటి కృషి విలువను నేటి విద్యాలోకం ఉల్లేఖనాలతో కొలుస్తోంది. ఒక పరిశోధకుడు తన పత్రంలో ఎవరి పనిపై ఆధారపడ్డాడో చెప్పడమే ఉల్లేఖనం. 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ఎచ్-సూచిక అనే కొలతను ప్రతిపాదించారు. కనీసం 20 సార్లు ఉల్లేఖనకు నోచుకున్న పత్రాలు ఒకరికి సరిగ్గా 20 ఉంటే ఆయన సూచిక 20. ఉద్యోగాలకు, పదోన్నతులకు ఇప్పుడు ఈ అంకెను చూస్తున్నారు.

మూలాన్ని పేర్కొనడం ఎంతో మేలైన ఆచారం. ఒక మాట ఎవరి ద్వారా ఎవరికి చేరిందో పేరుపేరునా చెప్పే హదీసు ఉల్లేఖకుల పరంపర మనకు తెలిసినదే. ఇతరుల జ్ఞానాన్ని వారి పేరుతోనే చెప్పడం ఒక అమానతు. అయితే ఆ పేర్లను లెక్కపెట్టి మనిషి విలువను తేల్చేటప్పుడే చిక్కు వస్తుంది. తన పత్రాలను తానే పదేపదే పేర్కొనవచ్చు. మిత్రులు పరస్పరం పేర్కొనవచ్చు. మరోవైపు, ఒక సత్యం పాఠ్యపుస్తకాలకు ఎక్కి అందరికీ తెలిసిపోయాక, దాని మూలపత్రాన్ని పేర్కొనడమే చాలామంది మానేస్తారు.

అన్నిటికంటే ముఖ్యంగా, కొన్ని సేవలు ఆ లెక్కలోకే రావు. అమెరికా వేధశాలల్లో మంచి అవకాశాలు చూసిన బప్పు స్వదేశానికి తిరిగి వచ్చారు. నైనీతాల్‌లో వేధశాల స్థాపనకు పాటుపడ్డారు. 1960లో కొడైకెనాల్ వేధశాల బాధ్యతలు చేపట్టారు. చీకటి ఆకాశం కోసం వెతికి తమిళనాడులోని జవ్వాదు కొండల్లో కావలూరును ఎంచుకున్నారు. 1971లో భారతీయ ఖగోళభౌతిక సంస్థ ఆయన నాయకత్వంలోనే రూపుదిద్దుకుంది. 1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ఆయనను అధ్యక్షునిగా ఎన్నుకుంది. మన దేశంలోనే ఒక పెద్ద దూరదర్శినిని తయారు చేయాలని ఆయన పూనుకున్నారు. అది పూర్తి కాకముందే 1982 ఆగస్టు 19న కన్నుమూశారు. 2.34 మీటర్ల వ్యాసం గల ఆ దూరదర్శినికి 1986లో ఆయన పేరే పెట్టారు. దానితో పరిశోధన చేసిన విద్యార్థుల పత్రాలు వారి ఖాతాలోకే వెళ్తాయి. బప్పు ఎచ్-సూచిక దానివల్ల పెరగదు.

ఆయన తండ్రి పనిచేసిన నిజామియా వేధశాలది మరో ఉదాహరణ. ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలు తీసి నక్షత్రాల స్థానాలను నమోదు చేసే అంతర్జాతీయ పథకంలో, దక్షిణాకాశంలోని ఒక భాగం దాని వంతుకు వచ్చింది. అక్కడి ఉద్యోగులు ఏళ్ల తరబడి ఫలకాలపై చుక్కలను కొలిచి, లక్షల నక్షత్రాల స్థానాలను పట్టికలుగా ముద్రించారు. దశాబ్దాలు గడిచాక ఆ పాత స్థానాలను ఉపగ్రహం కొలిచిన కొత్త స్థానాలతో పోల్చి, నక్షత్రాలు ఎటు కదులుతున్నాయో లెక్కించారు. 2000లో వెలువడిన టైకో-2 నక్షత్ర పట్టికకు అటువంటి పాత పట్టికలే పునాది. ఆ చుక్కలను కొలిచిన వారి పేర్లు నేడు ఏ సూచికలోనూ లేవు. కాని వారు అజాగ్రత్తగా కొలిచి ఉంటే ఆ తరువాతి లెక్క తప్పేది.

మన ఇళ్లలోనూ పరీక్షల ఫలితాలు వచ్చిన రోజున పిల్లల విలువ ఒక ర్యాంకుగా మారిపోతుంది. ర్యాంకు అక్కరలేదని కాదు, అది ఏదో ఒకటి కొలుస్తుంది. కాని కళాశాలలో ప్రాజెక్టు రాస్తున్న మీ కుమారుణ్ణో, కుమార్తెనో మరో రెండు ప్రశ్నలు కూడా అడగండి: ఎవరి పనిని వాడుకున్నావో వారి పేరు రాశావా? నువ్వు నమోదు చేసిన అంకెలను, నిన్ను ఎన్నడూ చూడని వ్యక్తి నమ్మి వాడుకోగలడా?