బంతి చెప్పేది ముందు వినండి

ఆదివారం తెల్లవారుజామున చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్‌ల నుంచి గోల్కొండ కోట పక్కనున్న హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్‌కో, గచ్చిబౌలిలో బండల నడుమ ఉన్న బౌల్డర్ హిల్స్‌కో వెళ్లే కొత్త ఆటగాళ్లలో చాలామందిది ఒకటే బాధ. డ్రైవర్ అనే పొడవాటి క్లబ్బు తీసుకుని బలమంతా పెట్టి కొడతారు. బంతి బాగానే లేస్తుంది, సగం దూరం పోయాక కుడికి వంకర తిరిగి చెట్లలో పడుతుంది. కుడిచేతి వాటం వాళ్లకు వచ్చే ఈ జబ్బునే స్లైస్ అంటారు. కొట్టడం ఆలస్యం, పక్కనున్నాయన "తల ఎత్తేశారు సార్" అంటాడు. ఇంకొకాయనకు మోచెయ్యి వంగినట్టు కనిపిస్తుంది, మరొకాయనకు నడుం తిరగనట్టు. రాత్రి ఇంటికొచ్చాక ఫోన్‌లో వీడియోలు ఎలాగూ ఉన్నాయి. మళ్లీ ఆదివారానికి బుర్రలో అరడజను సలహాలు, చేతిలో అదే స్లైస్.

వీళ్లకు సలహాలు తక్కువై ఆట బాగుపడకపోవడం లేదు. రోగమేమిటో చూడకుండానే వైద్యం మొదలెట్టడం వల్ల బాగుపడటం లేదు.

చూడాల్సింది మొదట ఒంటిని కాదు, బంతిని. క్లబ్బు బంతిని తాకి ఉండేది సెకనులో దాదాపు రెండువేలవ వంతు. ఆ క్షణంలో క్లబ్ ఫేస్, అంటే బంతిని తాకే ముఖం, ఎటు చూస్తోంది, క్లబ్బు ఏ దారిలో వస్తోంది, బంతి ఫేస్ మీద ఎక్కడ తగిలింది అన్నవే ప్రధానంగా బంతి దిశను నిర్ణయిస్తాయి. బంతి క్లబ్బు వచ్చిన దారినే బయల్దేరుతుందని చాలాకాలం పుస్తకాల్లో రాశారు, కోచ్‌లు కూడా అలాగే నేర్పారు. ట్రాక్‌మ్యాన్ లాంటి రాడార్ యంత్రాలు వచ్చి కొలిచాక అది తప్పని తేలింది. బంతి మొదట బయల్దేరేది ఎక్కువగా ఫేస్ చూస్తున్న వైపుకే. ఫేస్‌కీ దారికీ మధ్య ఉన్న తేడాను బట్టి తర్వాత వంపు తిరుగుతుంది. బంతి ఎటు బయల్దేరింది, ఎటు వంగింది అని రెండూ విడివిడిగా చూసిన ఆటగాడికి సగం రోగం అక్కడే తెలిసిపోతుంది.

మిగతా సగానికి వైట్‌బోర్డ్ మార్కర్ చాలు. బంతి మీద చిక్కగా ఒక చుక్క పెట్టి, ఆ చుక్క క్లబ్బు వైపు ఉండేలా టీ మీద నిలిపి కొట్టాలి. చుక్క అచ్చు ఫేస్ మీద పడుతుంది. అది మధ్యలో పడితే సంగతి వేరు. షాఫ్ట్‌కు దగ్గరగా, మడమ వైపు పడితే మాత్రం డ్రైవర్ విషయంలో అదొక్కటే బంతిని కుడికి వంచగలదు. అలాంటి మనిషి గ్రిప్ మార్చుకుని లాభం లేదు, బంతికి ఎంత దూరంలో నిలబడుతున్నాడో చూసుకోవాలి. మరొకాయనకు చుక్క నట్టనడుమ పడుతుంది, అయినా స్లైస్ పోదు. ఎడమచేతి వేళ్ల కణుపుల్లో ఒక్కటే పైకి కనబడేలా పట్టుకుంటున్నాడేమో చూడాలి. రెండు మూడు కణుపులు కనబడేదాకా చెయ్యి కాస్త కుడికి తిప్పితే ఫేస్ మూసుకోవడం మొదలవుతుంది. ఇద్దరి బంతీ ఒకే చెట్టు కింద పడినా ఇద్దరికీ మందు ఒకటి కాదు.

స్లైస్‌కు మరో గుణం ఉంది. బంతి కుడికి పోతోందని మనిషి ఎడమకు గురిపెట్టి నిలబడతాడు. దాంతో క్లబ్బు బయటి నుంచి లోపలికి అడ్డంగా కోసుకుంటూ వస్తుంది, వంపు ఇంకా పెరుగుతుంది. ఇంకాస్త ఎడమకు జరుగుతాడు. ఇలా ఏళ్లు గడుస్తాయి. పాదాల ముందు ఒక కర్ర పడేసి ఎటు నిలబడ్డాడో చూపించేవాళ్లు ఉంటే ఇది ఒక్క పూటలో బయటపడేది.

గల్లీ క్రికెట్‌తో పెరిగిన చేతుల గురించి కూడా చెప్పుకోవాలి. బ్యాటు ముఖాన్ని బంతి దారిలో వీలైనంతసేపు నిటారుగా నిలపడం అక్కడ మంచి అలవాటు. గోల్ఫ్‌లో ముంజేతులు తిరగాలి, ఫేస్ మూసుకోవాలి. చిన్నప్పుడు నేర్చిన ఆ మంచి అలవాటే ఇక్కడ ఫేస్‌ను తెరిచి ఉంచేస్తుంది. దానికి సిగ్గుపడక్కర్లేదు, కోచ్‌కు ముందే చెప్పుకుంటే చాలు.

అందరూ ఒకే అచ్చులో ఊగాలనుకునేవాళ్లు సాహిత్ తీగలను చూడాలి. తెలుగు తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో 1997లో పుట్టిన ఈ ఆటగాడికి వెన్నెముక వంకర ఉంది. ఆయన స్వింగ్ పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉండదు, కొట్టిన బంతి తరచూ బాగా వంపు తిరుగుతుంది. చిన్నప్పటి నుంచి నేర్పిన కోచ్ రిక్ హంటర్ ఆ ఒంటిని మరొకరి ఒంటిలా మార్చే పని పెట్టుకోలేదు. తీగల 2020లో అమెరికా కాలేజీ గోల్ఫ్‌లోని పెద్ద అవార్డులైన హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లాస్ మూడూ గెలిచాడు. 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్‌తో పీజీఏ టూర్‌లో తొలి టైటిల్ అందుకున్నాడు. మరో అమెరికా ఆటగాడు జిమ్ ఫ్యూరిక్ స్వింగూ అలాంటిదే, క్లబ్బు పైన గిరికీ కొట్టి దిగుతుంది. ఆయన 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2016లో ఒక రౌండ్ 58కే ముగించాడు. బంతిని తాకే క్షణం సరిగ్గా ఉన్నంతకాలం మిగతా వంకరలను వదిలేయొచ్చు. చూపుకు బాగాలేదని స్వింగ్‌ను కూల్చి కట్టడం ఔత్సాహికుడికి జరిగే పెద్ద అన్యాయం.

ఒకేసారి అన్నీ సవరించబోవడం అంతకంటే పెద్ద నష్టం. సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని వారానికో మెటీరియల్ మార్చే గ్రూప్-1 అభ్యర్థి ఏదీ పూర్తిచేయలేడని అశోక్ నగర్‌లో ఎవరినడిగినా చెబుతారు. స్వింగ్‌కూ అదే వర్తిస్తుంది. పైగా ఒంటి భాగాల మీద ధ్యాస పెడితే కదలిక బిగుసుకుంటుంది. పరిశోధకురాలు గాబ్రియేల్ వుల్ఫ్ బృందం 1999లో ప్రచురించిన ప్రయోగంలో, చేతుల మీద దృష్టి పెట్టిన కొత్తవాళ్ల కంటే క్లబ్బు ఊగే తీరు మీద దృష్టి పెట్టినవాళ్లు గురిగా కొట్టారు. "మోచెయ్యి వంచకు" అనడం కన్నా "బంతి ముందున్న గడ్డిని గీరు" అనడం మేలు.

బంతిని చదివే ఈ చూపు నేర్పే కోచ్ చిక్కడపల్లి చుట్టుపక్కల వాళ్లకు సులువుగా దొరకడు. మెట్రో గ్రీన్ లైన్ 2020 నుంచి చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా నడుస్తోంది కానీ గోల్కొండ కోటకు ఏ మెట్రో లైనూ పోదు. క్లబ్ సభ్యత్వం మధ్యతరగతికి దూరం. అయినా స్వింగ్ సరిచేసుకోవడానికి పద్దెనిమిది హోల్స్ అక్కర్లేదు. ఒక మూల వల, కింద మ్యాట్, రెండు పాత ఐరన్లు ఉంటే మొదలెట్టొచ్చు. దోమల్‌గూడలో ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాల ఉంది, జీహెచ్ఎంసీ ఏటా వేసవి శిక్షణ శిబిరాలు నడుపుతోంది. వీటిలో ఏదో ఒకచోట గోల్ఫ్ వల కట్టించాలి. అయితే వలలో కొట్టిన బంతి ఎటు వంగిందో కనబడదు, అందుకే వల ఒక్కటే కట్టి వదిలేస్తే కుదరదు. ఫేస్ మీద అచ్చు చదవగలిగిన కోచ్ వారానికి రెండు సాయంత్రాలైనా అక్కడుండాలి. వచ్చే వేసవి శిబిరాల జాబితా సిద్ధంచేసే అధికారులు ఆ జీతానికి ఇప్పుడే పద్దు కేటాయించాలి.