పనినిబట్టి యంత్రము

పత్తి అమ్మకములు ముగిసి చేతికి కొంత రొక్కము వచ్చిన దినములలో మా యొద్దకు వచ్చు తలిదండ్రులు కొన్ని సంవత్సరములుగా ఒకే ప్రశ్న వేయుచున్నారు. ఇంట ఒక ల్యాప్‌టాప్ కొనదలచితిమి, ఏది కొనవలెను అని. పూర్వమిది కాలేజీ చదువులవారి ప్రశ్న; నేడు తొమ్మిదవ తరగతి బాలబాలికల ఇండ్లలోనే పుట్టుచున్నది. పాఠములు వినుట, వ్యాసములు టైపు చేయుట, దరఖాస్తులు నింపుట అను నిత్యకృత్యములతో పాటు, ఫోనుతో తీసిన వీడియోలను కత్తిరించి కూర్చు పనియు ఇప్పుడు పిల్లల చేతికి వచ్చినది. ఈ రెండు విధములైన పనులకును ఒకే యంత్రము చాలవలెనని అందరి కోరిక. ఆ కోరిక న్యాయమైనదే. అయితే దానిని తీర్చుకొను మార్గములో పెక్కురు ధనము పోగొట్టుకొనుచున్నారు గనుక ఈ సంచికలో మా అభిప్రాయమును వ్రాయుచున్నాము.

మా అభిప్రాయము క్లుప్తముగా నిది: యంత్రమును కొని పిమ్మట దానికి పని వెదకరాదు, పనిని ముందుగా తూచి, దానికి సరిపోవు యంత్రమునే కొనవలెను. గోపురము కట్టబూనినవాడు ఖర్చు లెక్కింపక పునాది వేసి నవ్వులపాలగుటను గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానమును మన విద్యార్థులు ఎరుగుదురు. ఆ ఉపమానము ల్యాప్‌టాప్ కొనువారికి కూడ చక్కగా వర్తించును.

ఈ మాటను మేము మా తప్పిదము వలననే నేర్చుకొంటిమి. కొన్ని సంవత్సరముల క్రిందట తలిదండ్రుల చందాలతో పాఠశాల పనులకై ఒక ల్యాప్‌టాప్ కొంటిమి. తెర పెద్దదిగా నున్నదనియు, సంచి ఉచితముగా ఇచ్చుచున్నారనియు సంతోషించితిమి. ర్యామ్ ఎంత, తరువాత పెంచుకొనుటకు వీలుండునా అని అడుగలేదు. అది 4 జీబీ మాత్రమే; పైగా బోర్డునకే అతికింపబడియుండెను. ఉత్తరములు వ్రాసినంతకాలము దోషము కనబడలేదు. క్రిస్మస్ కార్యక్రమపు వీడియోను కూర్చబోగా యంత్రము మాటిమాటికి నిలిచిపోయినది. డిస్కులో చోటు చాలక కొన్ని భాగములను తుడిచివేయుచు వచ్చితిమి. ఫోనులోని మూలప్రతులను అంతకుముందే తీసివేసియుంటిమి. ఆ విధముగా పోయినవానిలో మా సంఘములోని ఒక వృద్ధురాలు పాడిన కీర్తన యొకటి. మరుసటి సంవత్సరము ఆమె ప్రభువునందు నిద్రించినది. ఆమె స్వరము వినవలెనని మనుమరాలు వచ్చి అడిగిననాడు మేము తల వంచుకొంటిమి. దుకాణమువారు మమ్ము మోసగింపలేదు. అడుగవలసినది మేమే అడుగలేదు.

వీడియో పని ఎంత బరువైనదో విద్యార్థులు లెక్క వేసి చూచుకొనవచ్చును. వీడియో యనగా సెకండుకు 25 లేక 30 నిశ్చల చిత్రముల వరుస. ఫుల్ హెచ్‌డీ చిత్రమొకటి 1920ని 1080తో గుణించిన 20,73,600 చుక్కలు గలది. 4కే చిత్రము దానికి నాలుగు రెట్లు, అనగా 82,94,400 చుక్కలు. చుక్కకు మూడు బైట్లు చొప్పున ఫుల్ హెచ్‌డీ చిత్రమునకు 6 ఎంబీకి పైగా పట్టును. 30 చిత్రములకు, అనగా ఒక్క సెకండునకు, సుమారు 186 ఎంబీ. ఫోను దీనిని అదిమి మూటగట్టి దాచుచున్నది. కూర్చునప్పుడు ల్యాప్‌టాప్ ఆ మూటను అనుక్షణము విప్పి చూపి, మన మార్పులు చేర్చి, తుదకు తిరిగి కట్టవలెను. ఉత్తరము టైపు చేయుటకును దీనికిని గల తారతమ్యము చేతిసంచి మోయుటకును పత్తి బోరెము మోయుటకును గల తారతమ్యము వంటిది.

పత్తి మాట వచ్చినది గనుక మన మార్కెట్టునే తలచుకొందము. జమ్మికుంట యార్డులో పత్తి తెల్లగా నున్నదని మాత్రమే ధర కట్టరు, తేమ చూచెదరు. సీసీఐ వారు 8 శాతమునకు మించిన తేమకు ధర తగ్గింతురు, 12 శాతము దాటిన కొననే కొనరు. తన పంటను ఇంత పరీక్షకు నిలుపు రైతు, ఆ పంట డబ్బుతో కొను యంత్రమును మాత్రము పైమెరుగు చూచి కొననేల? అతడును నాలుగు సంగతులు పరీక్షింపవలెను.

మొదటిది ర్యామ్. నిత్యపు పనికి 8 జీబీ చాలును. వీడియో కూర్పునకు 16 జీబీ ఉండవలయును. ఉచితముగా లభించు డావించి రిజాల్వ్ వంటి పెద్ద సాఫ్ట్‌వేరునకు ఇదే తగిన మొదటి మెట్టు. చేతిలోని సొమ్ము 8 జీబీ దానికే సరిపోయినయెడల, పిమ్మట మరియొకటి చేర్చుటకు ఖాళీ స్లాటు గలదా యని అడిగి, గలదన్న మాటను బిల్లు మీద వ్రాయించుకొనుడు.

రెండవది డిస్కు. పాతరకపు తిరుగు హార్డుడిస్కు సెకండుకు సుమారు నూరు ఎంబీ అందించును. ఎన్‌వీఎంఈ రకపు ఎస్‌ఎస్‌డీ వేలకొలది ఎంబీ అందించును. కావున ఎస్‌ఎస్‌డీ తప్ప వేరు వలదు. దాని పరిమాణము 512 జీబీకి తగ్గరాదు. ఫోనులో హెచ్.264 పద్ధతిని తీసిన 4కే వీడియోకు నిమిషమునకు సుమారు 350 ఎంబీ, గంటకు 21 జీబీ పట్టుచుండగా, 128 జీబీ డిస్కు మూడు నాలుగు గంటల వీడియోకే నిండిపోవును.

మూడవది ప్రాసెసర్. ఇచ్చట పేరు చూచి మోసపోవువారు మెండు. ఇంటెల్ వారి ఐ5 అను పేరు 2009 నుండి వాడుకలో నున్నది. నాటి ఐ5 నేటి చిన్న ప్రాసెసర్‌కు సాటిరాదు. పేరు గాదు, ఏ తరముదో అడుగవలెను. ఇటీవలి ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో వీడియో మూటను విప్పుటకే ప్రత్యేకించిన భాగము లోపలనే కలదు. పాఠశాల నాటికలు, గ్రామదృశ్యములు ఫుల్ హెచ్‌డీలో కూర్చుకొనువారికి అది చాలును. వేరుగా గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. 4కే వీడియోలను పొరలు పొరలుగా కూర్చి, రంగులు దిద్ది, దానిచే జీవనము గడుపువారికి మాత్రము గ్రాఫిక్స్ కార్డు ఖర్చు సార్థకమగును.

నాలుగవది తెర. చౌక యంత్రములలో రంగులను సగము మాత్రమే చూపు తెరలు వేయుదురు. అట్టి తెర మీద ముఖవర్ణము సరిదిద్దినవాడు, ఆ వీడియోను ఇతరుల ఫోనులో చూచి ఆశ్చర్యపడును. వివరపత్రములో ఐపీఎస్ అనియు, ఎస్‌ఆర్‌జీబీ నూరు శాతమునకు దగ్గరగా ననియు ఉన్నదానిని ఎన్నుకొనుడు.

ఇక మన ప్రాంతమునకు ప్రత్యేకమైన విషయమొకటి కలదు. ఆపిల్ సంస్థ తన ల్యాప్‌టాప్‌లను 10 మొదలు 35 డిగ్రీల వరకు గల వేడిమిలో వాడుమని చెప్పుచున్నది. మే మాసమున మన ఇండ్లలో నీడపట్టున సైతము అంతకు మించిన వేడిమి యుండును. వీడియోను తుదిరూపమునకు తెచ్చు గంటలలో ప్రాసెసర్ పూర్తిగా పనిచేసి తానును వేడెక్కును. వేడి మితిమీరిన, తన్ను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. పైగా జిన్నింగు మిల్లుల ఊరిలో గాలియందు దూది నూగు తేలుచుండును. అది ఫ్యానులో చేరి గాలిదారిని మూయును. కావున మిక్కిలి పలుచని యంత్రముకంటె గాలి చక్కగా ఆడు యంత్రము మేలు. పరుపు మీద పెట్టక బల్ల మీద పెట్టుడు; బరువైన పనిని తెల్లవారుజామున చేయుడు; ఏటేట ఫ్యాను శుభ్రపరపించుడు. మరమ్మతు కేంద్రము కరీంనగరములోనో వరంగల్లులోనో గల సంస్థ యంత్రమునే కొనుడు.

వాడిన యంత్రమును కొనుటలో అవమానమేమియు లేదు. అయితే విండోస్ 10కి ఉచిత రక్షణను మైక్రోసాఫ్ట్ వారు 2025 అక్టోబరు 14తో సాధారణముగా ముగించిరి. విండోస్ 11 ఇంటెల్ ఎనిమిదవ తరమునకు పూర్వపు ప్రాసెసర్లను బహు కొద్దిగా తప్ప అంగీకరింపదు. కావున అంతకంటె పాత యంత్రమును చౌక యని తెచ్చుకొన్నవారు పిమ్మట చింతింతురు. ఆపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్ వీడియో పనికి మంచిదే. కాని దాని ర్యామ్ తరువాత పెంచుటకు వీలుపడదు. 2024 అక్టోబరు నుండి దాని కనీస ర్యామ్ 16 జీబీ యైనది. అంతకు పూర్వపువానిలో 8 జీబీవి అధికము గనుక చూచి కొనవలెను.

మొన్న ఒక తండ్రి మా యొద్ద కూర్చుండి, “సారూ, పోరడు లక్ష రూపాలది గావాలంటున్నడు. పత్తి పైసలన్నీ గా డబ్బలనే పోతయి. గది లేకుంటె నడువదా, మీరే చెప్పుండ్రి” అనెను. కుమారుడు కోరినది వెలుగుచున్న మీటలుగల గేమింగ్ ల్యాప్‌టాప్. మేము బాలుని పిలిచి, నీవు చేయు పనులను కాగితము మీద వ్రాయుమంటిమి. వ్రాసినవన్నియు ఫుల్ హెచ్‌డీ పనులే. అతడే ఆ కాగితము చూచుకొని, కొంతసేపు ఊరకుండి, అరువదివేల లోపుది చాలునని ఒప్పుకొనెను. మిగిలిన సొమ్ములో కొంత విత్తనములకు పోయినది. కొంతతో విడిగా ఒక డిస్కు కొనిరి. అప్పు చేసి కొనిన మెరుగుకంటె ఈ నిర్ణయమే ఆ బాలునకు పెద్ద పాఠమని మా నమ్మకము.

పెద్దలలో కొందరు, వీడియోలు కూర్చుట వినోదమే గాని విద్య గాదు, దానికై యంత్రమేల అందురు. వారితో మేము ఏకీభవింపము. ఒకప్పుడు సినిమా కూర్చువారు ఫిల్మును కత్తిరించి అతికెడివారు. ఆ పనికై 1924లో అమెరికాలో మూవియోలా అను యంత్రము పుట్టినది. పనిముట్టు మారినను విద్య మారలేదు. ఏది ఉంచవలెను, ఏది తీసివేయవలెను, ఏది ముందు, ఏది వెనుక అని తీర్పుచేయుటే ఆ విద్య. వ్యాసరచనలో మేము నేర్పునదియు అదియే గదా.

దీనికి నిదర్శనము మన పొరుగుననే కలదు. 2016లో కరీంనగరము నుండి విడివడిన జగిత్యాల జిల్లాలో, మల్యాల మండలపు లంబాడిపల్లి యను పల్లె నుండి శ్రీరామ్ శ్రీకాంత్ గారు 2012లో మై విలేజ్ షో అను వీడియోలకు ఆరంభము చేసిరి. పొలము పనులు చేసికొను గంగవ్వ గారు వానిలో నటించి తెలుగు దేశమంతట పేరుపొందిరి. 2020లో టెలివిజనులో బిగ్‌బాస్ కార్యక్రమమునకు వెళ్లిరి. జనులు వానిని చూచినది ఏ ల్యాప్‌టాప్ మీద కూర్చిరో తెలిసికొని కాదు. మన పల్లె మాట, మన వాకిలి, మన నవ్వు వానియందు కనబడినందుననే చూచిరి. చెప్పదగిన సంగతి గలవానికి మధ్యరకపు యంత్రము చాలును. అది లేనివానికి లక్ష రూపాయల యంత్రమును సంగతి నీయజాలదు.

తుదకు రెండు మనవులు. పాఠశాల నిర్వాహకులకు మనవి యేమనగా, బలమైన యంత్రమొకదానిని పాఠశాలయందే ఉమ్మడిగా నుంచి, వంతుల చొప్పున పిల్లలకిచ్చుట మేలు. అప్పుడు బీదవాని బిడ్డయు కూర్పు నేర్చుకొనును; ఇంటింట అంత వెచ్చము పెట్టవలసిన పనియుండదు. విద్యార్థులకు మనవి యేమనగా, ఏ యంత్రము కొన్నను మూలప్రతిని రెండు చోట్ల దాచుడు. రెండవ ప్రతి తెరచి చూచుకొనిన పిమ్మటనే మొదటిదానిని తుడువుడు. క్రొత్త యంత్రము చేతికి వచ్చిన దినముననే మీ ఇంటి అవ్వను, తాతను కూర్చుండబెట్టి వారి మాటను, పాటను తీసి భద్రపరచుడు. యంత్రము పాతబడిన మరియొకటి దొరకును. ఆ స్వరము మరల దొరకదని మేము ఎరుగుదుము.