ఎల్లారెడ్డి తోవ, ఇటలీ తోవ



ఇటలీలో ఉద్యోగం చేస్తున్న నా పూర్వవిద్యార్థి ఒకడు ఇటీవల కొన్ని ఛాయాచిత్రాలు పంపించాడు. టస్కనీ ప్రాంతపు గుట్టలు, ద్రాక్షతోటల నడుమ తెల్లని కంకరబాట, దూరాన మిట్ట మీద రాతిగోడల మధ్య ఒక ప్రాచీన పట్టణం, ఆ బాట మీద సైకిళ్ల బారు. చిత్రాల కింద ఒక ప్రశ్న: "సార్, మన దిక్కు ఇటువంటి తోవ ఎందుకు లేదు?"

వెంటనే బదులు వ్రాయలేకపోయాను. ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉన్నది. తోవ ఉన్నది. లేనిది వేరొకటి. అదేమిటో చెప్పుకోవడానికే ఈ టపా.

కామారెడ్డి నుండి తాడ్వాయి, లింగంపేటల మీదుగా ఎల్లారెడ్డి సుమారు 40 కిలోమీటర్లు. నేల మంజీర వైపు మెల్లమెల్లగా వాలుతూ పోతుంది. నడుమ నడుమ నల్లరాతి గుట్టలు, మోదుగ చెట్లు, చెరువులు, వరిమళ్లు. ఎక్కుడు, దిగుడు, మిట్ట, పల్లం, ఒర్రె, కుంట, మత్తడి అని మన వాళ్లు నేలకూ నీటికీ ఇన్ని పేర్లు ఊరకే పెట్టలేదు. ఈ మాటల అర్థభేదం నడిచేవాడికీ, సైకిలు తొక్కేవాడికీ పిక్కలలో తెలుస్తుంది. కారులో పోయేవాడికి ఇవన్నీ కలిసి ఒక్కటే మాట: రోడ్డు.

ఇక ప్రాచీనత సంగతి. లింగంపేటలో నాగన్నగారి మెట్లబావి ఉన్నది. చెత్తాచెదారం నిండి మరుగున పడిన ఆ బావిని ఇటీవలి సంవత్సరాలలో శుభ్రపరచి పునరుద్ధరించారు. ఎండన పడి వచ్చినవాడు ఆ మెట్లు దిగుతున్నప్పుడు ఒంటికి తగిలే చల్లదనమే దానిని కట్టించినవారి ఉద్దేశమేమిటో చెబుతుంది. ఎల్లారెడ్డి దాటి మెదకు దిక్కుగా పోతే పోచారం చెరువు. నిజాం కాలంలో 1922లో పూర్తయిన కట్ట అది. చుట్టూ ఉన్న అడవి 1952 నుండి అభయారణ్యం. అక్కడి నుండి మరో 15 కిలోమీటర్లు తొక్కితే మెదకు. ఖిల్లా ఒక పక్క, 1924 క్రిస్మసు నాడు ప్రతిష్ఠితమైన చర్చి మరొక పక్క. ఎల్లారెడ్డి నుండి మెదకు వైపు కాక మంజీర వైపు తిరిగితే, 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగరు. కామారెడ్డికి ఇవతల భిక్కనూరు సిద్ధరామేశ్వరాలయం, దోమకొండ గడీకోట. ఆ కోటను పునరుద్ధరించిన తీరుకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించింది. గుట్టలు, కోటలు, గుళ్లు, చర్చి, అడవి, నీళ్లు. ఇటలీవారికి ఉండి మనకు లేనిది ద్రాక్షతోట ఒక్కటే. ఆ లోటును మా సీతాఫలాలు తీరుస్తాయి.

మరి వారి తోవకు ఆ గౌరవం ఎలా వచ్చింది? ఇటలీలో 1909లో ఒక క్రీడాపత్రిక దేశం చుట్టే సైకిలు పందెం మొదలుపెట్టింది. అదే జిరో. ఆ పత్రికను గులాబీరంగు కాగితం మీద అచ్చువేసేవారు గనుక ముందున్నవాడికి గులాబీ అంగీ తొడుగుతారు. ఆ పందెంలో మూడుసార్లు గెలిచిన జీనో బార్తాలి రెండవ ప్రపంచయుద్ధ కాలంలో యూదులను కాపాడే దొంగ గుర్తింపు పత్రాలను తన సైకిలు గొట్టాలలో దాచి ఫ్లోరెన్సు నుండి అస్సీసీకి చేరవేశాడు. దారిలో సైనికులు ఆపితే సాధన కోసం తొక్కుతున్నానని చెప్పేవాడట. బ్రతికి ఉండగా ఆ మాట గొప్పగా చెప్పుకోలేదు. ఆయన మరణించిన పదమూడేళ్లకు, 2013లో, ఇజ్రాయెలు స్మారకసంస్థ యాద్ వాషెమ్ ఆయనను గౌరవించింది.

నా విద్యార్థి పంపిన తెల్లబాట కథ ఇంకా ముఖ్యం. టస్కనీలోని ఆ కంకరబాటలను తారుతో కప్పేస్తున్నారని బాధపడినవారు 1997లో 'లెరోయికా' అనే సైకిలు యాత్ర ప్రారంభించారు. 1987కు ముందు తయారైన పాత సైకిళ్ల మీదనే రావాలని నియమం. అది పోటీ కాదు, పాతబాటను కాపాడుకునే ఉపాయం. ఏటేటా జనం వస్తూ ఉండటంతో ఆ బాట విలువ ఊరివారికి తెలిసింది. నేడు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దారికి గుర్తుపలకలు పెట్టి ఉంచారు. బాట అందంగా ఉన్నది గనుక సైకిళ్లు రాలేదు. సైకిళ్లు వచ్చినవి గనుక బాట మిగిలింది.

మన దగ్గర జరిగింది దీనికి తలక్రిందులు. కిరాయి దుకాణంలో గంట లెక్కన సైకిలు తెచ్చి, సీటు అందక కైంచి తొక్కి, మోకాళ్లు చెక్కుకొని నేర్చిన తరం మాది. పాలవాడు, పోస్టుమాను, పంతులు, పట్వారి అందరిదీ సైకిలే. నేనూ ఇరవై ఏళ్లకు పైగా ఎల్లారెడ్డి దగ్గరి ఒక పల్లె బడికి సైకిలు మీదనే పోయాను. తెలుగు పాఠంలో వచ్చే వర్షర్తువును ఆ తోవలోనే తడిసి చదువుకున్నాను. మా అమ్మాయిని చూడటానికి పెళ్లివారు వచ్చినప్పుడు వాకిట్లో ఉన్న సైకిలును చూపి ఒకాయన "ఇదెవరిదండీ?" అని అడిగాడు. "కిరాయికున్నవాళ్లది" అన్నాను. మరుసటి నెల స్కూటరు కొన్నాను. నా చేత ఆ అబద్ధం ఆడించినది ఏ ప్రభుత్వమూ కాదు. సైకిలు అంటే లేమి అన్న భావం నాలోనే ఉన్నది. లేనిది వేరొకటి అన్నానే, అది ఈ మర్యాద.

ఆ భావమే రోడ్లనూ వేస్తుంది. ఉద్యోగవిరమణ తరువాత ఒకసారి పాత పల్లెకు పోయినప్పుడు నా దగ్గర చదువుకున్న ఒక రైతు కనబడ్డాడు. "రోడ్డు మంచిగైంది గదా" అన్నాను. "రోడ్డయితే మంచిగైంది సార్, గని బిడ్డ సైకిలే బందైంది" అన్నాడు. బడి నాలుగు కిలోమీటర్లు. రోడ్డు వెడల్పయ్యాక లారీల వేగం పెరిగింది. తారు అంచు నుండి మట్టికి జానెడు దిగుడు. హారను వినబడగానే పిల్ల ఆ దిగుడులోకి దూకాలి. రెండుసార్లు పడ్డదట. ఇప్పుడు ఆటోకు డబ్బులున్న రోజు బడికి పోతుంది, లేని రోజు పోదు.

ఈ మాట విన్న తరువాత, సైకిలు తోవను గురించి మాట్లాడటం వినోదయాత్రలను గురించి మాట్లాడటం కాదని తెలిసింది.

అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. మన ఎండలకు సైకిలా అంటారు. నిజమే, వేసవి మధ్యాహ్నం ఎవరూ తొక్కరు. కార్తికం నుండి మాఘం దాకా ఉదయాలు ఉన్నవి కదా. పల్లెపిల్లలకు ఋతువుతో పని లేదు, వారు బడి ఉన్నన్నాళ్లూ తొక్కవలసినవారే. లక్షల రూపాయల సైకిళ్ల మీద వచ్చే నగరవాసుల కోసం మా పైసలెందుకు అని ఇంకొక మాట. హైదరాబాదు బాహ్యవలయ రహదారి పక్కన 2023లో సౌరఫలకాల నీడ క్రింద 23 కిలోమీటర్ల సైకిలు దారి ప్రారంభించారు. మంచిదే. అటువంటిది మాకు వేయమని నేను అడగడం లేదు. లక్ష రూపాయల సైకిలువాడికీ, బడికి పోయే పిల్లకూ కావలసినది ఒక్కటే: రోడ్డు పక్కన తారుతో సమమట్టంగా ఒకటిన్నర మీటర్ల అంచు. మొదటివాడి కోసం వేసినా అది రెండవదానికి ఉపయోగపడుతుంది.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నానంటే, 2025 ఆగస్టు చివరలో పడిన కుంభవృష్టికి మా జిల్లాలో ఎన్నో రోడ్లు కోసుకుపోయినవి, కల్వర్టులు కొట్టుకుపోయినవి. నూరేళ్లు దాటిన పోచారం కట్ట మాత్రం అంత వరదనూ తట్టుకొని నిలిచింది. తెగిన రోడ్డును తిరిగి కట్టేటప్పుడు అంచు కలిపి కట్టడం సులభం. కట్టిన తరువాత తవ్వి కలపడం ఎప్పటికీ జరగదు. వంతెన ఇరుకుగా కట్టితే మరో యాభై ఏళ్లు సైకిలువాడు దాని మీద ప్రాణాలు అరచేత పట్టుకొని పోవలసిందే.

దానితో పాటు మూడు చిన్న కోరికలు. వెడల్పు చేసేటప్పుడు పాత చింతచెట్లను మిగిలినన్ని మిగల్చడం. మెట్లబావికీ, కోటకూ, చెరువుకూ దూరం చెప్పే తెలుగు పలకలు నాటడం. ఏడాదికి ఒక్క ఆదివారం దోమకొండ కోట నుండి పోచారం కట్ట దాకా పాత నల్లసైకిళ్ల యాత్ర చేయడం. మూడవదానికి ప్రభుత్వంతో పని లేదు. అటకల మీద తుప్పు పట్టిన సైకిళ్లను దించి గాలి కొట్టిస్తే చాలు.

నా విద్యార్థికి ఇలా వ్రాశాను: "నాయనా, తోవ ఉన్నది. దాని మీద సైకిలు తొక్కేవాడికి మర్యాద లేదు. అది పోగొట్టినవారిలో నేనొకణ్ణి." మా సైకిలు ఇంకా ఇంట్లోనే ఉన్నది. చైను మార్పించాను. మోకాళ్లు ఒప్పుకున్నంత వరకు, ప్రస్తుతానికి తాడ్వాయి దిక్కుగా కొంత దూరం పోయి వస్తున్నాను. నిన్న ఒకాయన ఆపి "సైకిలెవరిది సార్?" అని అడిగాడు.

"నాదే" అన్నాను.

మీ ఊళ్ల దిక్కున ఇటువంటి తోవలు ఏవి ఉన్నవో, వాటి అంచులు ఎట్లా ఉన్నవో వ్రాయగలరు.