పది రూపాయల బిళ్ళ తీసుకోండి



పది రూపాయల బిళ్ళను కాదనే అలవాటు మన హైదరాబాదులో పోవాలి. కిరాణా కొట్టు, షేర్ ఆటో, కొబ్బరిబోండాల బండి, ఎక్కడికి వెళ్ళినా ఒకటే మాట: "పది బిళ్ళ నడుస్తలేదమ్మా, నోటియ్యి." దీన్ని చిన్న చికాకుగా తీసుకుని సరిపెట్టుకునేవాళ్ళు చాలామంది. నేను సరిపెట్టుకోలేను. ఒక చేత కూరగాయల సంచి, ఇంకో చేత గొడుగు, ఆటో దిగి పర్సంతా వెతికి తీసిన బిళ్ళను డ్రైవరు వెనక్కిస్తాడు. ఆటోలో ఉన్నవాళ్ళంతా ఆలస్యమవుతోందని మన మొహమే చూస్తుంటారు. దొంగనోటు మార్చబోయి దొరికిపోయినట్టు ఉంటుంది ఆ నిమిషం.

అనుమానం ఎక్కడిదంటే, బిళ్ళ మీద గీతలు పదుంటే అసలుది, పదిహేనుంటే నకిలీదని ఒకరంటారు. రూపాయి గుర్తు లేనిది చెల్లదని ఇంకొకరంటారు. ఆ గుర్తు వచ్చిందే 2010లో. అంతకుముందు అచ్చయిన బిళ్ళ మీద అది ఎలా ఉంటుంది? గీతలూ అంతే, డిజైనుతో పాటు మారాయి. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ఒక ప్రకటన ఇచ్చింది. అప్పటిదాకా వచ్చిన 14 రకాల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని అందులో ఉంది. 2011 నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆపై విలువ ఉన్న నాణేలతో వెయ్యి రూపాయల దాకా చెల్లించవచ్చు.

కొట్టువాళ్ళ బాధా వినాలి. "మేం తీసుకుంటం, మా దగ్గర ఎవరూ తీసుకోరు" అంటారు. నిజమే. హోల్‌సేలు వ్యాపారి వద్దంటే, బ్యాంకు కౌంటరులో లెక్కపెట్టడానికి విసుక్కుంటే చిన్న కొట్టాయన ఏం చేస్తాడు? నాణేలు తీసుకోవాలని బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. ముందు ప్రతి శాఖలోనూ అది జరగాలి. తీసుకుంటామని గుమ్మం దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. అప్పుడు కొట్టాయనకు భయం పోతుంది. చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెట్టే అవసరమూ తగ్గుతుంది.

స్కాన్ చేస్తే సరిపోతుంది కదా అనేవాళ్ళకు ఒక మాట. గుడి ముందు మూర పూలు అమ్మే పెద్దావిడ దగ్గర ఫోను లేదు. ఆమెకు రోజంతా వచ్చేది ఈ బిళ్ళలే. సాయంత్రం వాటితో పాలపాకెట్టు కొనబోతే వద్దంటున్నారు.

ఈ బిళ్ళలంటే నాకు ప్రేమ. ఇత్తడి రంగు అంచు, మధ్యలో తెల్లటి లోహం, అరచేతిలో నిండుగా బరువు. సంవత్సరం అంకె కింద జాగ్రత్తగా చూడండి. చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకశాలలో, అంటే మన చర్లపల్లిలో తయారైంది. వజ్రం ఆకారం ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. రాత్రి అన్నాలయ్యాక మా మనవరాలు నా పర్సు మంచం మీద బోర్లించి నక్షత్రాలు ఏరుతుంది. ఒకటి దొరికితే చాలు, "అమ్మమ్మా, ఇది మనదే!" అని ఇల్లంతా వినబడేలా అరుస్తుంది. ఆ పిల్లకు మర్నాడు ఏమని చెప్పను? చర్లపల్లిలో పుట్టిన బిళ్ళ ఉప్పల్ ఆటోలో చెల్లదని చెప్పడానికి నాకు నోరు రాదు.

మీ పత్రికకు ఒక విన్నపం. ఆ 14 రకాల నాణేల బొమ్మలు రెండు వైపులా కనబడేలా, రంగుల్లో, ఒక ఆదివారం అరపేజీ వేయండి. కత్తిరించి మా వీధి కొట్లోనూ ఆటో స్టాండులోనూ నేనే అతికిస్తాను. కొట్టాయనను అడిగాను, గల్లాపెట్టె పైన చోటిస్తానన్నాడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఉప్పల్, హైదరాబాదు